మూడో షెడ్డులో ఎవరూ లేరు

నడక 311. మంగళవారం

ఈ పుస్తకం మున్సిపాలిటీది. ఏ షెడ్డులోకి వెళ్ళాం, ఏం చూశాం, లోపల మనుషులున్నారా, పడగొట్టొచ్చా, ఇంతవరకే రాయాలి. సొంత గోల రాయొద్దని మా ఇన్‌స్పెక్టరు ఇప్పటికి మూడుసార్లు ఎర్రసిరాతో రాశాడు. రాసుకోనీ. నేనేం మింగుకుని తిరుగుతున్నానో ఆ సిరాకేం తెలుసు?

ఇవాళ పాత క్యాంటీన్ చూశాం. నేను, ఎర్రినాయుడు బాబాయి. బాబాయి ఈ పనిలో నాకంటే పదేళ్ళు ముందు. కొలిమిపాడులో ఎవరూ లేని కట్టడాల్లోకి వెళ్ళే నడకవాళ్ళందరికీ ఆయనే గురువు. గుమ్మం దగ్గర బూట్లు దులుపుకుని, గోడమీద అరచెయ్యి ఆనించి, మా డ్యూటీ నంబర్లు చెప్పాం. నాది నాలుగొందల పదిహేడు. గోడలోంచి మేస్త్రి పలికాడు. మేస్త్రంటే మనిషి కాదు. ప్రతి షెడ్డుకీ తలలు లెక్కపెట్టడానికి బిగించిన యంత్రం. ఉక్కు ప్లాంటు మూతపడి ఇన్నేళ్ళయినా పైకప్పు మీది ఎండపలకలు ఏమూలో పనిచేస్తున్నాయి కాబట్టి వాడింకా పలుకుతాడు.

"ఇద్దరొచ్చారు. లోపల ఇద్దరు," అన్నాడు బొంగురుగా.

లోపల ఓ కంచంలో చెంచా అలాగే ఉంది. గోడకి సగం చింపిన క్యాలెండరు. నల్లబల్ల మీద "ఈరోజు పులిహోర" అని సుద్దతో రాసుంది. ఏదీ ముట్టుకోలేదు. కిందటి నెల కొత్తగా చేరినావిడ ఓ టిఫిన్ డబ్బా ముచ్చటపడి తెచ్చుకుంది. బాబాయి ఆవిడ్ని నాలుగు మైళ్ళు వెనక్కి నడిపించి, దుమ్ములో ఆ డబ్బా అడుగు గుండ్రంగా ఎక్కడుందో సరిగ్గా అక్కడే పెట్టించాడు. "ఇల్లు ఖాళీ సేసెల్లిన ఆడమనిషి వంటింట్లో చెయ్యెడతామేటి? ఇదీ అంతే," అన్నాడు.

క్యాంటీన్ ఖాళీ. పడగొట్టొచ్చు.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి నా బల్లమీద ఇంకో కాగితం పెట్టుంది. మూడో షెడ్డు, తొమ్మిది రోజుల్లో పడగొట్టాలి. కింద ఓ వరస: "చివరిసారి షెడ్డు మూయించిన ఆఫీసరు స్వయంగా వచ్చి గొంతు ఇవ్వవలెను." ఆఫీసరు పేరు కమలాకర్.

ఆ పేరు మీద వేలుపెట్టి చాలాసేపు కూర్చున్నాను. రా నాయనా రా. నీకోసమే కదా ఇన్నాళ్ళూ ఈ దుమ్ము తిన్నాను.

నడక లేదు. బుధవారం

నీటి బండి ఉదయం ఆరింటికే వచ్చింది. మా వంతు రెండు బిందెలు. డాబామీద మంచు పట్టడానికి కట్టిన వల కూడా దులిపితే ఇంకో చెంబు వచ్చింది. నీలవేణి మూతికి గుడ్డ కట్టుకుని వల పిండుతూ అంది, "పెద్దమ్మా, నీళ్ళ వంతు కార్డులో ఆవిడ పేరింకా ఉంది. నేను తీసేయించనా?"

ఆవిడంటే నీలవేణి తల్లి. నా చెల్లెలు వరహాలు. ఇరవై ఏళ్ళ పిల్ల తన తల్లిని ఒక్కసారి కూడా అమ్మ అనలేదు. ఎనిమిది నెలల పసిగుడ్డుని వదిలేసి ఎవడితోనో పోయిందని ఊరంతా చెబితే, స్కూల్లో చెబితే, కంపెనీ రాసిచ్చిన కాగితంలో కూడా అదే ఉంటే, పిల్ల మాత్రం ఇంకేమంటుంది?

"తీసేయించకు," అన్నాను.

"ఎందుకు? వస్తుందా ఏంటి?"

"తీసేయించకు అన్నానా!" అని అరిచాను. బిందె ఎత్తుకుని విసవిసా లోపలికెళ్ళిపోయింది.

నేను చెప్పకపోలేదు. చాలాసార్లు చెప్పాను. మీ అమ్మ పోలేదే, మూడో షెడ్డులో చచ్చిపోయిందే అని. నమ్మదు. నన్ను ఓదార్చడానికి చెబుతున్నావులే పెద్దమ్మా అంటుంది.

జరిగింది ఇది. ఆరోజు డ్యూటీ నాది. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్‌కి అదే ఆఖరి రోజు. నాకు ఇరవై మూడేళ్ళు, బుర్ర మోకాల్లో ఉండేది. "ఒక్క పూట నా బదులు డ్యూటీకి వెళ్ళవే," అని వరహాలుని బతిమాలాను. బదులు డ్యూటీ మా షెడ్లలో అందరూ చేసేదే. మేస్త్రికి కావలసింది నంబరు. అక్కాచెల్లెళ్ళ గొంతులు వాడికి తేడా తెలిసేవి కావు. వరహాలు పిల్లని పక్కింట్లో పడుకోబెట్టి, "నాలుగొందల పదిహేడు" అని చెప్పి నా బదులు లోపలికెళ్ళింది. మధ్యాహ్నం షెడ్డులో మంట లేచింది. మంటని చంపడానికి తలుపు మూసి, ఊపిరాడనివ్వని గాలి వదలాలి. మనిషి లోపలుంటే మేస్త్రి తలుపు మూయడు. కమలాకర్ "లోపల ఎవరూ లేరు" అన్నాడు. మేస్త్రి మూశాడు. తరవాత సగం కప్పు కూలింది. ఎవరూ లేరన్నారు కాబట్టి ఎవరూ తవ్వలేదు.

బదులు డ్యూటీ బయటపడితే ఉద్యోగం ఊడుతుందని మూడు రోజులు నోరు మూసుకున్నాను. పోలీసులకి కూడా చెప్పలేదు. నాలుగో రోజు చెబితే కంపెనీ వాళ్ళు నవ్వారు. మీ చెల్లికి ఆరోజు డ్యూటీయే లేదు కదమ్మా అన్నారు. ఏడాది తిరక్కుండా ఉక్కు ఆకాశంలో తయారై కిందకి దిగడం మొదలైంది, ప్లాంటు మూతపడింది. ఇంక అడగడానికి కంపెనీయే లేదు.

కమలాకర్ మిగిలాడు. ఏదో కొండమీద మంచి గాలి పీలుస్తూ బతికే ఉన్నాడు.

నడక 312. శుక్రవారం

మూడో షెడ్డు తాళం పంతొమ్మిదేళ్ళకి తీశారు. బూట్లు దులిపాను. గోడమీద చెయ్యి పెట్టి నంబరు చెప్పాను.

"ఇద్దరొచ్చారు. లోపల ఇద్దరు," అన్నాడు మేస్త్రి.

"ఇద్దరు కాదు, ముగ్గురు!" అన్నాను. "వరహాలు లోపలుంది."

"మూసిన ఆఫీసరు గొంతు లేకుండా పాత లెక్క మార్చను."

ఛీ, నీ లెక్క తగలబడ.

రోలర్లు తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. పన్నెండో స్తంభం దాకా నడవొచ్చు. అక్కణ్ణించి కప్పు రేకులు, దూలాలు కుప్పగా పడున్నాయి. బాబాయి నన్ను భుజం పట్టి ఆపాడు. ఇంకో అడుగు వేస్తే కుప్ప కదులుతుంది. బాబాయి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను ఏడవలేదు. ఏడుపంతా కోపంగా గడ్డకట్టుకుపోయి ఉంది.

తిరిగొస్తూ తలుపు పక్కన, మంటని చంపే ఆ గాలి నింపిన గొట్టాల వరస చూశాను. ఆరింటిలో ఐదు ఖాళీ. ఒకదాని ముల్లు ఇంకా పచ్చగీత మీదే ఉంది, అంటే నిండుగా ఉంది. దాని దగ్గర నిలబడి మేస్త్రిని మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను. "ఇప్పుడు పొగొస్తే ఏం చేస్తావ్?"

"తలుపు దగ్గరున్నవాళ్ళని అడుగుతాను. లోపల ఎవరూ లేరంటే మూసి, గాలి వదులుతాను."

"నంబరు చెప్పకుండా లోపలికెళ్ళినవాళ్ళుంటే?"

"నంబరు లేనివాళ్ళు నా లెక్కలో లేరు."

చాలు. నాకింకేం కావాలి?

బాబాయి నావైపు అదోలా చూశాడు. "ఏటే రత్నం, యంత్రంతో ఏటా కబుర్లు?"

"ఊరికే బాబాయ్," అన్నాను.

నడక లేదు. సోమవారం

కమలాకర్ దిగాడు. స్టేషన్‌కి నేనే వెళ్ళాను. డెబ్భై దాటాయి, చేతికర్ర, ముక్కుకి ఖరీదైన గాలితొడుగు. పొగరుగా ఉంటాడనుకున్నాను. ఉంటే ఎంత బావుండేది! సంచి నేను మోస్తానంటే వద్దమ్మా, నీకెందుకు శ్రమ అన్నాడు. దారిలో మూతపడ్డ కాలనీలు చూసి, "ఇక్కడ నూకాలమ్మ టిఫిన్ల బండి ఉండేది కదూ," అని కళ్ళు తుడుచుకున్నాడు.

టిఫిన్ల బండి గుర్తుంది మహానుభావుడికి.

"నువ్వెన్నేళ్ళు పనిచేశావమ్మా ప్లాంట్లో?" అని అడిగాడు.

"రెండేళ్ళు."

"ఏ షెడ్డు?"

"మూడు."

కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని బండి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నా పేరు అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని, వాడి మొహం ఎలా మారుతుందో చూసేదాన్ని.

అతిథి గృహంలో దింపి, రేపు పదింటికి వస్తానని చెప్పాను. ఏమైనా జాగ్రత్తలు తీసుకోవాలా అని అడిగాడు. కొత్తవాళ్ళు గుమ్మం దగ్గర "కొత్తమనిషి, ఒకరు" అని చెప్పి లోపలికెళ్ళాలి. పసివాళ్ళకైనా నేర్పే మొదటి మాట అది. "ఏమీ అక్కర్లేదండి. నా వెనకాలే వచ్చేయండి," అన్నాను.

రాత్రి అన్నం బాగా తిన్నాను. నీలవేణి ఆశ్చర్యపోయింది.

నడక 313. మంగళవారం

దీన్ని ఇన్‌స్పెక్టరు చింపేస్తే చింపేయనీ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బాబాయిని బండిలో తాడు మర్చిపోయానని పంపేశాను. బూట్లు దులిపాను, నా నంబరు చెప్పాను. కమలాకర్ నా వెనకాలే గుమ్మం దాటాడు. మేస్త్రి "ఒకరొచ్చారు. లోపల ఒకరు," అన్నాడు. కమలాకర్‌కి అది వినపడిందో లేదో.

ఆఫీసరు బల్ల పదో స్తంభం దగ్గర. దుమ్ము నా రుమాలుతోనే తుడిచి కుర్చీ వేశాను. "ఈ పలక మీద చెయ్యిపెట్టి మీ పేరు చెప్పండి. మేస్త్రి చివరిసారి మూసినప్పటి మాటలన్నీ చదువుతాడు. అంతా వినాలి. నేను తలుపు దగ్గర కాపలా ఉంటాను."

"వెళ్ళిరామ్మా," అన్నాడు.

నేను నడిచాను. ఒక్కో స్తంభం దాటుతుంటే ఒళ్ళంతా తేలికైంది. గుమ్మం దాటి బయటికొచ్చి నా నంబరు దించేశాను. "లోపల ఎవరూ లేరు," అన్నాడు మేస్త్రి, పంతొమ్మిదేళ్ళ కిందటి మాటే. జాకెట్లోంచి నూనెగుడ్డ తీసి, అంటించి, పొగ కనిపెట్టే కన్ను కింద పెట్టాను. అది రాజుకోడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోపు వాడు తన గొంతుతో తను అన్నమాట వినాలి. ఆ వెంటనే అదే మాట నా గొంతుతో వినాలి. ఏళ్ళ తరబడి కుట్టుకున్నాను ఈ పథకాన్ని.

లోపల కమలాకర్ తన పేరు చెప్పినట్టున్నాడు, స్పీకర్లు గరగరలాడాయి. మేస్త్రి చదవడం మొదలెట్టాడు. చదవడం కాదు, ఆనాటి గొంతులే.

"మంట. లెక్కలో ఒకరు మిగిలారు. నాలుగొందల పదిహేడు. మూయను." అది మేస్త్రి.

"ఆ నంబరు ఎవరిది? గేటు దగ్గర అడగండి, తొందరగా!" అది కమలాకర్. గొంతు ఇప్పటంత ముసలిగా లేదు, కంగారుగా ఉంది. ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు.

గేటు మైకు. "నాలుగొందల పదిహేడు! నూకరత్నం! ఏమ్మా, దిగిపోయావా?"

ఓ ఆడపిల్ల గొంతు. నవ్వుతోంది. వెనకాల ఎవరిదో బూర.

"ఆఁ, దిగిపోయానండీ. గేటు బయటే ఉన్నా."

అది నేను.

గుర్తులేదని అనను. గుర్తుంది. ఎగ్జిబిషన్ నించి తిరిగొచ్చాను, చెల్లి దిగేవేళకి గేటు దగ్గర ఉండాలని. చేతిలో నీలవేణికి కొన్న బూర. గేటు వాచ్‌మెన్ మైకులో అడిగాడు. రోజుకి పదిసార్లు అడిగే మాటే. బదులు డ్యూటీ పెట్టినవాళ్ళం, సంగతి బయటపడకుండా, రోజుకి పదిసార్లు చెప్పే జవాబే. చెప్పి బూర ఊదుకున్నాను కూడా. సైరన్ తరవాతే మోగింది. ఆ అడిగింది ఎందుకో, ఆ జవాబు ఎక్కడికి పోయిందో ఈ ఉదయం దాకా నాకు తెలీదు.

మళ్ళీ ఆనాటి కమలాకర్ గొంతు. "హమ్మయ్య. లోపల ఎవరూ లేరు. మూసెయ్."

మేస్త్రి. "లోపల తట్టుడు వినబడుతోంది."

మంట చప్పుడు, దాని వెనక, ఇనుము మీద ఇనుము. మూడేసి దెబ్బలు.

"మళ్ళీ అడుగుతున్నాను. తట్టుడు వినబడుతోంది."

"పైపులు. నంబరు దిగిపోయానంది కదా. మూసెయ్."

స్పీకర్లు ఆగాయి. గుమ్మానికి ఆనుకున్నాను. వెనక్కి చూస్తే బాబాయి నిలబడి ఉన్నాడు, తాడు భుజాన వేసుకుని. నూనెగుడ్డని చూశాడు, నన్ను చూశాడు. అంతా విన్నాడని తెలుస్తూనే ఉంది.

"పొగ," అన్నాడు మేస్త్రి, ఈసారి నన్నే. "తలుపు దగ్గరున్నవారు చెప్పండి. లోపల ఎవరైనా ఉన్నారా? ఇరవై లెక్కపెడతాను."

చెప్పాలనే ఉంది. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా చెప్పాలనే ఉంది. పైపులన్నాడు వాడు! రెండుసార్లు అడిగితే పైపులన్నాడు! కానీ "ఎవరూ లేరు" అనబోతే నోట్లోకి వచ్చింది ఆ నవ్వే పిల్ల గొంతే. ఆ గొంతు పీక నులమాలనిపించింది. వాడిదీ నాదీ, రెండూ.

పన్నెండు. పదమూడు.

"ఉన్నారు," అన్నాను. "ఇద్దరున్నారు."

"పేర్లు?"

"ఒకడు కమలాకర్. నంబరు లేదు. ఇంకొకరు వరహాలు. నాలుగొందల పదిహేడు చెప్పి లోపలికెళ్ళింది తను. దిగలేదు. దిగానని చెప్పింది నేను, నూకరత్నాన్ని. అబద్ధం."

"మూసిన ఆఫీసరు గొంతు అందింది. పాత లెక్క మారుస్తున్నాను. లోపల ఇద్దరు. తలుపు మూయను."

బాబాయి నూనెగుడ్డని బూటుతో తొక్కి ఆర్పేశాడు.

కమలాకర్ చాలా నెమ్మదిగా నడిచొచ్చాడు. గాలితొడుగు చేతిలో వేలాడుతోంది. "ఆ గొంతు నీదా?" అన్నాడు.

"నాదే."

"తట్టింది పైపులు కావని నాకు తెలుసు. కొలిమి పోతే మూడువేల మంది వీధినపడతారనుకున్నాను. నువ్వు దిగిపోయానన్నావు. ఆ మాట పట్టుకున్నాను."

చెంప చెళ్ళుమనిపించాను. ముసలాడు గోడకి పడ్డాడు. మళ్ళీ చెయ్యెత్తాను. రెండో దెబ్బ ఎవరికి వెయ్యాలో తెలియక ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. బాబాయి వచ్చి కిందకి దించాడు.

"ఆ నూనెగుడ్డ సంగతి కూడా రాసుకో పుస్తకంలో," అన్నాడు బాబాయి. "దాసితే నువ్వూ ఆడూ ఒకటే."

రాశాను. నడకవాళ్ళకి ఇంతకంటే పెద్ద తప్పు లేదు. రేపు నా నడక అనుమతి చీటీ రద్దవుతుంది.

నడక లేదు. బుధవారం

చట్టం ప్రకారం మేస్త్రి లెక్కలో మనిషుంటే షెడ్డు పడగొట్టకూడదు, తవ్వాలి. గురువారం తవ్వకం. కమలాకర్ వాంగ్మూలం ఇచ్చాడు. తట్టుడు విన్నానని సంతకం పెట్టాడు. వాడికేం శిక్ష పడుతుందో తెలీదు. ఎంత పడినా నాకు చాలదు.

సాయంత్రం నీలవేణిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆఫీసు నించి తెచ్చుకున్న రికార్డు వినిపించాను. నా మాట దగ్గర ఆపేద్దామనిపించింది, ఆపలేదు. తట్టుడు కూడా వింది. మూడేసి దెబ్బలు.

"ఇంకోసారి పెట్టు," అంది. పెట్టాను. "ఇంకోసారి." పెట్టాను.

నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బావుండు, కొడితే ఇంకా బావుండు. ఎత్తి పెంచిన పిల్ల. జ్వరమొస్తే తెల్లవార్లూ భుజాన వేసుకుని తిరిగిన పిల్ల.

"నాకు బూర కొన్నావా?" అంది చివరికి.

"కొన్నాను."

లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. అన్నానికి పిలిస్తే పలకలేదు.

నడక 314. గురువారం

నా చీటీ రద్దయింది. ఇది రాయడానికి కూడా నాకు అధికారం లేదు. బాబాయి పుస్తకం ఇచ్చి, రాయి, ముగించు అన్నాడు.

పొద్దున్నే తవ్వేవాళ్ళు వచ్చారు. నేను వెళ్ళేసరికి నీలవేణి అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. నాతో చెప్పకుండా నడిచొచ్చేసింది, ఆరు మైళ్ళు. వాళ్ళ ఆఫీసరు ఆపి, ఎవరమ్మా నువ్వు, బయటివాళ్ళు రాకూడదు అంటున్నాడు.

"లోపల మా అమ్మ ఉంది," అంది.

ఇరవై ఏళ్ళలో ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆఫీసరు పక్కకి తప్పుకున్నాడు. బాబాయి దగ్గరుండి బూట్లు దులిపించాడు. తనకి నంబరు లేదు, ఏం చెప్పాలి అని అడిగింది.

"కొత్తమనిషినని సెప్పమ్మా."

గోడమీద చెయ్యి ఆనించి, "వరహాలు కూతుర్ని, ఒకరు," అంది. మేస్త్రి లెక్కలో వేసుకున్నాడు.

నేను కూడా బూట్లు దులుపుకుని గుమ్మం దాకా వెళ్ళాను. నీలవేణి వెనక్కి తిరిగింది. మొహంలో కోపం కూడా లేదు. పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వు బయటే ఉండు, పెద్దమ్మా," అంది.

బాబాయి నా తరఫున ఏదైనా అంటాడేమోనని చూశాను. ఆయన తలదించుకుని ఆ పిల్ల వెంట లోపలికెళ్ళిపోయాడు.

తలుపు పక్కన నేలమీద కూర్చున్నాను. లోపల రేకులు లేపుతున్న చప్పుడు, ఇనుము మీద ఇనుము, సాయంత్రం దాకా వింటూనే ఉన్నాను.